గల్లాపెట్టె పైన వాక్యం

చంద్రగిరి చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల్లో తొలితరం వ్యాపారులు కనిపిస్తున్నారు. దేవుణ్ణి నమ్ముకుని అంగడి తెరిచినవాడి మనసు నెమ్మదిగా ఉండాలంటే ఏం కావాలి? జవాబు వెతుక్కుంటూ ఒంగోలు సీమ తోళ్ల వర్తకుడి దగ్గరికి, కరువు కాలపు కాలువ గట్టు మీదికి, నరసాపురం లేసు ముంగిళ్లలోకి వెళ్లి రావాలి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు చాలా చర్చిల్లో వాగ్దానపు కార్డులు పంచుతారు. చిన్న అట్టముక్క, దాని మీద ఒక వాక్యం. మర్నాటి పొద్దున అది అంగట్లో గల్లాపెట్టె పైన గోడకెక్కుతుంది. టిఫిన్ సెంటర్లు, మొబైల్ రిపేరు అంగళ్లు, టైలరింగు, చికెన్ కొట్లు, టెంట్ హౌసులు, సెంట్రింగు కాంట్రాక్టులు... పని ఏదైనా గోడ మీద ఆ వాక్యం ఉంటుంది. ఈ యజమానుల్లో చాలామందికి వ్యాపారం వారసత్వంగా రాలేదు. తాతలు వేరుశనగ చేలల్లో, మామిడి తోటల్లో కూలి చేసినవాళ్లు. తొలిసారి ఇంట్లో ఒకరు బ్యాంకులో కరెంటు ఖాతా తెరిచారు. ఆ కార్డు మీద ఎంత బరువు పెట్టుకున్నారో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

గిరాకీ బాగుంటే వాగ్దానం నెరవేరిందని సాక్ష్యం చెప్పమంటారు. మైకు పట్టుకుని "ఒక్క కుట్టుమిషనుతో మొదలుపెట్టాను, ప్రభువు ఆరు మిషన్లు ఇచ్చాడు" అంటే సంఘమంతా హల్లెలూయా అంటుంది. మంచిదే, కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. మరి తర్వాతి ఏడు ఆ ఆరింట్లో నాలుగు అమ్ముకోవాల్సి వస్తే? అప్పుడు మైకు ఎవరూ ఇవ్వరు. మనిషే వెనక వరసకు జరుగుతాడు. ఏదో పాపం ఉండుంటుందని ఒకరు, దశమభాగం సరిగా ఇచ్చి ఉండడని ఇంకొకరు గొణుగుతారు. ఇంటికొచ్చి పడుకుంటే ఆయనకూ అదే అనుమానం. నష్టం ఒక ఎత్తు, ఆ నష్టం దేవుడి శిక్షేమోనన్న భయం ఇంకో ఎత్తు. మనిషిని లోపలినుంచి తినేసేది ఈ రెండోదే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లాభం దేవుడు వేసిన మార్కు కాదు, నష్టం ఆయన వేసిన శిక్షా కాదు. ఈ సంగతి లోపలికి దిగితేనే విశ్వాసి అయిన వ్యాపారి మనసు కుదుటపడుతుంది, చేతులూ శుభ్రంగా ఉంటాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, బైబిల్లో యోబు గ్రంథం నడిచేదే దీని మీద. ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు ఉన్న సంపన్నుడు ఒక్క పూటలో అన్నీ పోగొట్టుకుంటాడు. పలకరించడానికి వచ్చిన మిత్రులు, నువ్వేదో తప్పు చేసి ఉంటావని అధ్యాయాలకు అధ్యాయాలు వాదిస్తారు. గ్రంథం చివర్లో దేవుడికి కోపం వచ్చేది యోబు మీద కాదు, ఆ మిత్రుల మీద. మన సంఘాలు ఆ చివరి అధ్యాయం దాకా చదవాలి.

చంద్రగిరి దాకా వచ్చిన దారులు

చంద్రగిరికి శిలువ కొత్తగా వచ్చింది కాదు. 1598లో జెస్యూట్ పాదిరీలు ఇక్కడికి వచ్చారు. రెండో వేంకటపతి రాయలు విజయనగర రాజ్యాన్ని ఈ కోటనుంచి నడుపుతున్న రోజులవి. రాయలు వాళ్లను ఆదరించాడు. వాళ్లలో చిత్రకారులు రాయల కొలువులో బొమ్మలు కూడా వేశారు. అయితే పట్టుమని పాతికేళ్లు నిలవకుండానే ఆ మిషన్ ముగిసిపోయింది. తర్వాత ఒక తరం గడిచాక, 1639లో మద్రాసు తీరం ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది కూడా ఈ చంద్రగిరి రాజ్యపు ఏలుబడిలోనే. పాదిరీలు వెళ్లిపోయారు, కంపెనీ నిలిచింది.

ఇప్పుడు మన పల్లెల్లో ఉన్న చర్చిల్లో చాలావాటి వేర్లు ఆ కొలువులో లేవు. 1853లో అమెరికా రిఫార్మ్డ్ చర్చి తరఫున స్కడర్ సోదరులు మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ పలమనేరు, మదనపల్లె మీదుగా తెలుగు సీమలోకి వచ్చింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి ఉత్తర ఆర్కాట్ జిల్లాలోనిదే. మదనపల్లెలో జేకబ్ చేంబర్లేన్ దొర మందులపెట్టె, బైబిలు రెండూ పట్టుకుని తిరిగాడు. బడి, ఆసుపత్రి, చర్చి వచ్చాయి. వ్యాపారం మాత్రం అంతగా రాలేదు. చదువుకున్న క్రైస్తవుడు టీచరయ్యాడు, గుమాస్తా అయ్యాడు, చదువుకున్న క్రైస్తవురాలు నర్సయ్యింది. నెలజీతం మీద బతికే సంఘానికి వ్యాపారం గురించి ఆలోచించే అలవాటు తక్కువ. అందుకే ఇవాళ అంగడి పెట్టుకున్న యువకుడికి మార్గం చూపే పెద్దలు సంఘంలో దొరకడం కష్టం. ఆ ఖాళీని యూట్యూబులో, నమ్మితే డబ్బు వస్తుందనే ఐశ్వర్య ప్రసంగాలు నింపుతున్నాయి.

అలాంటి పెద్ద ఒకరు నూట అరవై ఏళ్ల కిందట ఒంగోలు సీమలో ఉన్నాడు.

తోళ్ల వర్తకుడు పేరయ్య

ఎర్రగుంట్ల పేరయ్యది తాళ్లకొండపాడు. మాదిగ కుటుంబంలో పుట్టి, తోళ్ల వర్తకం మీద ఊళ్లు తిరిగినవాడు. చదువు రాకపోయినా మనసులో వెతుకులాట ఉన్న మనిషి. క్రైస్తవం గురించి వినకముందే ఒక గురువును ఆశ్రయించి యోగం అభ్యసించాడు. తోళ్ల బేరం కోసం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల బోధ చెవిన పడింది. ఆ మాటలు మోసుకుంటూ ఊరికొచ్చి, తన వాళ్లకు చెప్పి, 1866లో ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు అక్కడ కాపురం పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరను తాళ్లకొండపాడుకు రప్పించాడు. వేల మంది నడిచిన తెలుగు బాప్టిస్టు ఉద్యమానికి తలుపు తీసినవి ఒక వర్తకుడి ప్రయాణాలు. ఊరూరా అతనికి ఉన్న చుట్టరికాలు, బేరాల పరిచయాలే సువార్తకు దారులయ్యాయి.

కొత్త విశ్వాసం వాళ్లను మూడు సంగతులు అడిగింది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఇవాళ వింటే చిన్న నియమాల్లా ఉంటాయి. అప్పటి మాదిగపల్లెలో ఒక్కో నియమం ఒక్కో తిండి దారిని మూసేసింది. ఊరికీ మాదిగపల్లెకూ మధ్య ఒప్పందం పాతది. కపిలకు తోలు తొండం, రైతుకు చెప్పులు, జాతరకు డప్పు వీళ్లు ఇవ్వాలి, కల్లం దగ్గర గింజలు, చచ్చిన గొడ్డు వీళ్లకు దక్కాలి. ఆదివారం రామని చెబితే రైతుకు కోపం, జాతరలో డప్పు కొట్టబోమంటే కరణానికి కోపం. ఊళ్లు వాళ్లను తరిమాయి, బావులు మూసేశాయి, పనులు నిలిపేశాయి.

వాళ్లకు విశ్వాసంతో పాటు వచ్చింది ఆదాయం కాదు, నష్టం. ఐశ్వర్య ప్రసంగం ప్రకారమైతే వాళ్ల విశ్వాసం చాలా తక్కువదై ఉండాలి. కానీ తెలుగు నేల మీద అంత గట్టి విశ్వాసం కలిగిన తరం మరొకటి నాకు కనిపించదు. ఎక్కడ నష్టపోవడానికి సిద్ధపడ్డారో అక్కడే వాళ్ల నమ్మకం ఏమిటో తెలిసింది. చచ్చిన గొడ్డు మాంసం వద్దనడంలో తిండి ఒక్కటే లేదు, ఊరి ముందు తలెత్తుకు నిలబడటం కూడా ఉంది.

కరువులో కాంట్రాక్టు

పదేళ్లు తిరిగేసరికి 1876-78 కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. మన ఉత్తర ఆర్కాటు, కడప ప్రాంతాలూ మాడిపోయాయి. సహాయపు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం సరిపోతుందని ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చిన కాలమది. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతోంది. క్లౌ దొర యవ్వనంలో అమెరికా ప్రభుత్వ భూసర్వే బృందంలో పనిచేసినవాడు, కొలతలు తెలిసినవాడు. చర్చి గుమ్మం దగ్గర అన్నం పంచుతూ కూర్చోకుండా, మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే గుంపుల మీద మేస్త్రీలుగా నిలబెట్టాడు. కొలతలో మోసం లేకుండా, కూలి చేతికి అందేలా పని నడిపాడు. పేరయ్య లాంటివాళ్ల చుట్టాలు, పల్లెపల్లెల జనం ఆ గట్టు మీద బతికారు.

ఇక్కడ క్లౌ దొర చేసిన ఇంకో పని నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. కరువు సాగినన్నాళ్లు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లు కొల్లలు. ఆకలితో వచ్చి అడుగుతున్నారో, నమ్మి అడుగుతున్నారో తెలియనప్పుడు ఇవ్వకూడదనుకున్నాడు. సహాయపు డబ్బులు ఆగిపోయాకే తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె ప్రపంచమంతా పాకింది. దాని వెనక ఉన్న ఏడాదికి పైబడిన నిరీక్షణ గురించి మాత్రం తక్కువమంది మాట్లాడతారు.

కాంట్రాక్టు ఒప్పందాన్నీ విశ్వాసాన్నీ ఆయన ఒకదానికొకటి ఎర చేయలేదు. కూలి కూలిగా ఇచ్చాడు, బాప్తిస్మం బాప్తిస్మంగా ఇచ్చాడు. ఇవాళ చంద్రగిరిలో పదిమందికి పనిచ్చే విశ్వాసికి ఇంతకంటే పనికొచ్చే పాఠం కనపడదు. పనివాళ్లను చర్చికి రమ్మని బలవంతపెట్టకూడదు. చర్చికి వచ్చే పనివాడని జీతం తగ్గించి "ప్రభువు కోసం చేస్తున్నావు కదా తమ్ముడూ" అని కూడా అనకూడదు. ఈ రెండో తప్పు మన దగ్గర ఎక్కువ. ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు కుంకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. శనివారం సాయంత్రం జీతాలివ్వకుండా ఆదివారం కానుక పెట్టెలో నోటు వేసేవాడు ఆ అధ్యాయానికి జవాబు చెప్పుకోవాలి.

ఆదివారం గిరాకీ

చంద్రగిరి వ్యాపారికి ఆదివారం అసలు పరీక్ష. తిరుమలకు శని, ఆదివారాల్లో జనం ఎక్కువ. దర్శనం చేసుకుని శ్రీనివాసమంగాపురం వచ్చి, అటునుంచి చంద్రగిరి కోటలో రాజమహల్ చూసి, కొందరు తలకోన దాకా పోతారు. టిఫిను, టీ, ట్యాక్సీ, ఫ్యాన్సీ సామాను, అన్నిటికీ వారంలో పెద్ద రోజు అదే. వెంకన్న యాత్రికుల మీద బతుకుతూ యేసును కొలవడంలో తప్పేముంది? ఏమీ లేదు. కొరింథులో గుడారాలు కుట్టిన పౌలు ఆ గుడారాలు ఎవరికి అమ్మాడో బైబిలు చెప్పలేదు. పొరుగు మతస్థుడి పండగలో నిజాయితీగా ఇడ్లీ అమ్ముకోవడం గౌరవమైన పని. కష్టమల్లా ఆదివారం తలుపు మూయాలా వద్దా అన్న దగ్గరే.

ఒకాయన మూసేస్తాడు, ఆ నష్టాన్ని ప్రభువు చూసుకుంటాడంటాడు. ఇంకొకాయన పొద్దున్నే ఆరాధనకు వెళ్లి, అంగడి పనివాళ్ల చేతిలో పెడతాడు. ఇద్దరిలో మొదటాయనను గౌరవిస్తాను, రెండో ఆయన ఇబ్బందినీ అర్థం చేసుకుంటాను. కానీ నిర్గమకాండంలో విశ్రాంతి దినపు ఆజ్ఞను మళ్లీ చదవాలి. నువ్వొక్కడివే విశ్రమించమని అది చెప్పదు. నీ దాసుడు, దాసి, నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి, అందరినీ లెక్కలోకి తీసుకుంటుంది. యజమాని పాటలు పాడుతుంటే దోసె పెనం దగ్గర కుర్రాడు చెమటోడుస్తూ ఉంటే ఆ ఆజ్ఞను సగమే పాటించినట్టు. ఆదివారం తెరవక తప్పదనుకుంటే మంగళవారమో బుధవారమో కుర్రాడికి జీతంతో సెలవు ఇవ్వాలి. మన రాష్ట్రపు 1988 నాటి షాపుల చట్టం కూడా పనివాడికి వారానికి ఒక రోజు సెలవు ఉండాలనే అంటుంది. యజమానికి కూడా వారంలో ఒక పూట, ఫోను ఆపేసి, లెక్కలు పక్కనపెట్టి కూర్చోగల పూట ఉండాలి. నేను లేకపోయినా ఈ ఊరు తిరుగుతుంది, నా ఇల్లు నిలుస్తుంది అని చేతల్లో ఒప్పుకోవడమే విశ్రాంతి దినం. ప్రార్థనలో అనడం తేలిక, షట్టరు దించడం కష్టం.

లేసు అల్లిన చేతులు

విశ్వాసం నుంచి పుట్టిన వ్యాపారాలన్నీ తమంతట తాము మంచివైపోవు. గోదావరి జిల్లాల్లో నరసాపురం లేసు సంగతి చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు పేద క్రైస్తవ ఆడవాళ్లకు క్రోషియా సూదితో లేసు అల్లడం నేర్పారు. దయతో చేసిన పని, తిండి పెట్టిన పని. తర్వాత ఎగుమతి వ్యాపారమయ్యింది, కులాలు దాటి పాకింది, వేలకు వేల ఇళ్లలో ముంగిలి పనిగా నిలిచింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఆ స్త్రీల మీద పుస్తకం రాసినప్పుడు కనిపించింది వేరే దృశ్యం. రోజంతా అల్లే ఆడవాళ్లను అందరూ "ఇంట్లో ఖాళీగా కూర్చునేవాళ్లు" అనే అంటున్నారు. కనీస కూలి కూడా రావడం లేదు. లాభం మధ్యవర్తులకు, ఎగుమతిదారులకు చేరుతోంది.

మన దగ్గర మగ్గం వర్క్, జాకెట్ల కుట్టు, అప్పడాలు, ఊరగాయలు చేయించే విశ్వాసులు ఈ కథ తెలుసుకోవాలి. సంఘంలోని విధవరాలికి పని ఇస్తున్నానన్న తృప్తి ఎంత కమ్మగా ఉంటుందంటే, ఆమెకు గంటకు ఎంత పడుతోందో లెక్కేయాలనే అనిపించదు. ఆ లెక్క వేయాలి. ఒక జాకెట్టుకు పట్టే గంటలు రాసుకుని, ఆమెకిచ్చే డబ్బును వాటితో భాగించి చూడాలి. వచ్చిన అంకె ఊళ్లో ఉపాధి హామీ కూలికంటే తక్కువైతే దాన్ని పరిచర్య అనుకోవద్దు.

దరఖాస్తులో ఒక గడి

తొలితరం వ్యాపారి విశ్వాసానికి మొదటి పరీక్ష చాలాసార్లు బ్యాంకు బల్ల మీదే ఎదురవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, ఆ తర్వాతి సవరణలతో సిక్కులు, బౌద్ధులు తప్ప వేరే మతస్థులకు షెడ్యూల్డు కులపు హోదా లేదు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు, రిజర్వేషను ఒక శాతం. మతం మారితే ఊరు కులాన్ని మరిచిపోదు, గడ్డం గీసే దగ్గరా, ఇల్లు అద్దెకిచ్చే దగ్గరా గుర్తుపెట్టుకుంటుంది. చట్టం మాత్రం మరిచిపోతుంది. ఇది అన్యాయమని నేను నమ్ముతాను. ఈ అన్యాయం వల్లే చాలామంది చర్చిలో ఒక పేరుతో, సర్టిఫికెట్లో ఇంకో పేరుతో బతుకుతున్నారు. వాళ్లను వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. అయితే రెండు పేర్లు మోసే మనసుకు నిద్ర పట్టడం కష్టమని వాళ్లే ఒప్పుకుంటారు.

ఉన్నది ఉన్నట్టు రాసి తలుపు తట్టే దారులూ ఉన్నాయి, చాలామందికి తెలియవు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు, బీసీలు, మహిళలు ప్రత్యేక కేటగిరీలోకి వస్తారు. పల్లెలో పెట్టే యూనిట్‌కు 35 శాతం దాకా సబ్సిడీ, సొంత పెట్టుబడి ఐదు శాతం చాలు. ముద్రా రుణానికి అర్హతలో కులంతో పనే లేదు. 2016లో వచ్చి 2025 దాకా సాగిన స్టాండప్ ఇండియా ఎస్సీ, ఎస్టీలతో పాటు మహిళలనూ చేర్చుకుంది, కులం ఏదైనా సరే. సంఘంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దలు ఉంటారు. నెలకో ఆదివారం ఆరాధన తర్వాత చెట్టు కింద కుర్చీ వేసుకుని, పిల్లల దరఖాస్తులు నింపిపెడితే అది కూడా పరిచర్యే.

వేలూరు దాకా

ఇక మనసు సంగతి. వ్యాపారం చితికినవాడికి నిద్ర పట్టదు, తిండి సహించదు, ఫోను మోగితే గుండె దడ. ఇవి జబ్బు లక్షణాలు కావచ్చు. సంఘం వీటిని వెంటనే ఆత్మ సంబంధమైన లెక్కలోకి వేసేస్తుంది. ఉపవాస కూడికకు తీసుకెళ్తారు, నూనె రాస్తారు, దురాత్మ అంటారు. ప్రార్థన మీద నాకు గట్టి నమ్మకం ఉంది. అందుకే ప్రార్థనను వైద్యానికి అడ్డం పెట్టడం చూస్తే బాధేస్తుంది. చంద్రగిరి వాళ్లకు జబ్బు చేసినప్పుడు కాట్పాడి రైలెక్కి వేలూరు పోవడం అలవాటే. అక్కడి సీఎంసీ ఆసుపత్రిని పెంచిన ఐడా స్కడర్, ఆర్కాట్ మిషన్ మొదలుపెట్టిన ఆ స్కడర్ల ఇంటి ఆడపడుచే. ఆ ఆసుపత్రివారే 1957లో బాగాయంలో మానసిక వైద్య కేంద్రం తెరిచారు. అక్కడ రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండాలి, చికిత్సలో పాలుపంచుకోవాలి. ప్రార్థించే మనుషులే నడిపిన ఆసుపత్రి దిగులును, భయాన్ని మందులతో, మాటలతో, కుటుంబం తోడుతో నయం చేయాల్సిన జబ్బులుగా చూసింది. వాళ్ల విశ్వాసం అందులో ఏమీ తగ్గలేదు.

మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ 1760లో డబ్బు వినియోగం మీద ఒక ప్రసంగం అచ్చువేశాడు. సంపాదించమనే చెప్పాడు, సిగ్గుపడకుండా. కానీ సొంత ఒంటిని, మనసును, పొరుగువాణ్ణి పాడుచేసుకునే సంపాదన వద్దన్నాడు. మన ప్రసంగాల్లో మొదటి సగమే వినపడుతోంది. రెండో సగం కూడా చెప్పే కాపరి కావాలి. సాక్ష్యాల సమయంలో నష్టపోయిన అన్నకు కూడా మైకు ఇచ్చే సంఘం కావాలి. ఆయన అంగడి ఎందుకు చితికిందో చెబితే, వినే పిల్లల్లో ఇద్దరు ముగ్గురైనా అదే గుంతలో పడకుండా ఆగుతారు.

చితికిన అంగడికి ప్రార్థనతో పాటు చేయాల్సిన పనులు మామూలువి. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయాలి, ఇంట్లో భార్యకు చూపించాలి, దాచకూడదు. వడ్డీ ఎక్కువున్న డైలీ ఫైనాన్స్ అప్పు మొదట తీర్చాలి, దానికోసం బంగారం అమ్మినా నష్టం లేదు. బ్యాంకుకు వాయిదా తప్పకముందే వెళ్లి గడువు పెంచమని అడగాలి, తప్పాక వెళ్తే మాట సాగదు. లెక్కలు తెలిసిన సంఘపెద్ద ఒకరు ఆ రోజు వెంట వెళ్తే మంచిది. కానుక ఎంత ఇవ్వాలో ఆ కాగితం చూశాకే తేల్చుకోవాలి, అప్పు తెచ్చి ఇచ్చే దశమభాగం వద్దని కాపరే ముందుగా చెప్పాలి.